తెలిసి కూడా చెప్పకపోతే

పదో తరగతి పరీక్షలు అయిన మర్నాడే మా అక్క కూతురు మా ఇంట్లో దిగింది. సంచిలోంచి ముందుగా బయటికి వచ్చినవి బట్టలు కాదు, ఒక ఇంగ్లీషు నవల. "రాత్రిపూట చదవకు పిన్నీ, జడుసుకుంటావు" అని హెచ్చరించి మరీ నా చేతిలో పెట్టింది. యాభైకి దగ్గరపడిన మనిషిని జడిపించగల దెయ్యం ఏముంటుందిలే అని రాత్రే చదివాను. జడుసుకోలేదు. కానీ చివరి పేజీ దాకా కింద పెట్టనూ లేదు.

ఆ పుస్తకం పేరు చెప్పను. చెప్పినా ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే ఆ సెలవుల్లో ఆ పిల్ల వరసగా నా చేత చదివించిన మరో నాలుగు నవలల అస్థిపంజరం కూడా అదే. బడిలో ఒక అమ్మాయి ఉంటుంది. ఆమె ఫొటో ఒకటి, నిజమైనదో అతికించినదో, ఫోను నుంచి ఫోనుకు పాకుతుంది. తరగతి అంతా నవ్వుతుంది. అమ్మాయి చనిపోతుంది. కొన్నాళ్లకు ఆమె ఖాతా నుంచి సందేశాలు రావడం మొదలవుతుంది. నవ్విన ఒక్కొక్కరికీ ఒక్కొక్క ముప్పు: ఒకడు మెట్ల మీంచి పడతాడు, ఇంకొకతెకు అద్దంలో తన ముఖానికి బదులు ఆ ముఖం కనిపిస్తుంది. చనిపోయిన అమ్మాయి స్నేహితురాలు ఆ ఫొటో మొదట పెట్టింది ఎవరని వెతుకుతూ పోతుంది. అందరికంటే మంచిగా కనిపించిన మనిషే దోషి అని చివరి నుంచి రెండో అధ్యాయంలో తేలుతుంది. దెయ్యం తన పని ముగించుకుని శాంతిస్తుంది. వాన కురుస్తుంది. ఈ వాన ఎందుకో గానీ దాదాపు అన్ని పుస్తకాల్లోనూ కురుస్తుంది.

అర్ధరాత్రి పుస్తకం మూసేసరికి నాకు కలిగింది భయం కాదు, తృప్తి. నవ్విన ప్రతి ముఖానికీ తగిన శాస్తి జరిగింది కదా అన్న తృప్తి. పొద్దున పాలు కాగబెడుతుంటే ఆ తృప్తి మీదే నాకు అనుమానం వచ్చింది. దాని రుచి నేను ఎరుగుదును. తప్పు చేసినట్టు తేలిన మనిషి మీద పదిమందీ పడుతుంటే, ఆ పదిమందిలో పదకొండోవాడిగా నిలబడి చూసేవాడికి కలిగే తృప్తి అది. ఆ నవలలో పిల్లలు ఆ అమ్మాయి ఫొటో చూసి నవ్వినప్పుడు వాళ్లకు కలిగినదీ అదే జాతిది. రచయిత తాను బాధితురాలి పక్కన నిలబడి, నన్ను మాత్రం తీసుకెళ్లి గుంపులో నిలబెట్టాడు. నేను పేజీలు తిప్పుకుంటూ హాయిగా నిలబడ్డాను.

నా ఫిర్యాదు ఇదే. దెయ్యాల మీద కాదు, దెయ్యం చేత పోలీసు ఉద్యోగం చేయించడం మీద.

ఆ ఉద్యోగంలో రెండు అబద్ధాలున్నాయి. మొదటిది, చనిపోతే బలం వస్తుందన్నది. బతికున్నన్నాళ్లూ తలెత్తి మాట్లాడలేకపోయిన పిల్ల చనిపోగానే దీపాలు ఆర్పగలదు, తలుపులు బిగించగలదు, తరగతి మొత్తాన్నీ ఏడిపించగలదు. పదిహేనేళ్ల వయసులో "నేను పోతే అప్పుడు తెలిసొస్తుంది వీళ్లకు" అనుకోనివాళ్లు మనలో ఎంతమంది ఉంటారు? తలుపు వేసుకుని, మన శవం చుట్టూ ఎవరెవరు ఏడుస్తారో లెక్క వేసుకోనివాళ్లు? ఆ ఊహ వస్తుంది, పోతుంది. భోజనానికి పిలిస్తే లేచి వెళ్తాం. అలా వచ్చిపోయేదాన్ని పట్టుకుని మూడువందల పేజీలు చేసి, ఔను నిజమే, నువ్వు పోతే అందరూ నీ కాళ్ల మీద పడతారు అని భరోసా ఇవ్వడం పిల్లలకు రాసేవారు చేయదగిన పని కాదు. ఆత్మహత్యను సమస్యకు పరిష్కారంలా చూపవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000 సంవత్సరం నుంచి పత్రికలవారికి మార్గదర్శకాలు ఇస్తూనే ఉంది. నవలాకారులకు ఆ నియమాలు వర్తించవని నాకు తెలుసు. కానీ నవల చదివేదీ ఆ పిల్లలే కదా. పోయినవాళ్లకు ఎవరు ఏడ్చారో తెలియదు, ఎవరు క్షమాపణ అడిగారో తెలియదు. ఈ ఒక్క సంగతిని దాచిపెట్టాకే ఆ నవలల్లో మొదటి అధ్యాయం మొదలవుతుంది.

రెండో అబద్ధం, దోషి ఒకరే ఉంటారన్నది. అపరాధ పరిశోధన నవలకు ఆ ఒక్కరు కావాలి. లేకపోతే చివరి నుంచి రెండో అధ్యాయంలో చెప్పడానికి ఏమీ ఉండదు. ఈ రకం నేరంలో ఆ ఒక్కరు దొరికినా ఏమవుతుందో చూడటానికి ఒక నిజమైన సంగతి ఉంది.

2006 అక్టోబరు. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. పద్నాలుగో పుట్టినరోజుకు మూడు వారాల ముందు ఒక అమ్మాయి ప్రాణం తీసుకుంది. అంతకు కొన్ని వారాల ముందు మైస్పేస్ అనే సామాజిక మాధ్యమంలో ఆమెకు పదహారేళ్ల అబ్బాయి పరిచయమయ్యాడు. ఆమెను అందగత్తె అన్నాడు. బరువు గురించి, రూపం గురించి కుమిలిపోయే పిల్లకు ఆ మాట ఎంతటిదో ఊహించుకోవచ్చు. అన్నాళ్లూ తీయగా మాట్లాడి, ఒకరోజు ఉన్నట్టుండి నువ్వు స్నేహితులతో సరిగా ఉండవట అని మొదలుపెట్టాడు. మర్నాటికి అతని వెనక మరికొందరు చేరి తిట్టిపోశారు. నువ్వు లేకపోతే ప్రపంచం బాగుంటుంది అన్న అర్థం వచ్చే మాటతో అది ముగిసింది.

ఆ అబ్బాయి లేనే లేడు. అదే వీధిలో ఉండే, ఆ అమ్మాయి పాత స్నేహితురాలి తల్లి, ఆ కూతురు, ఆ తల్లి దగ్గర పనిచేసే పద్దెనిమిదేళ్ల యువతి, ఈ ముగ్గురి చేతుల్లో తయారైన ముఖం అది. కూతురి గురించి ఆ పిల్ల వెనకాల ఏమంటోందో తెలుసుకోవడానికట.

కొన్ని వారాలకే మరో పొరుగింటామె ద్వారా తల్లిదండ్రులకు సంగతి తెలిసిపోయింది. అంటే, తెలిసినవాళ్లు ఆ వీధిలోనే ఉన్నారు. మన నవలల లెక్కన రహస్యం విడిపోయింది, దోషి దొరికింది, ఇక వాన కురవాలి. కురవలేదు. మిస్సోరీలో ఆ తల్లి మీద పెట్టడానికి సరిపడిన నేరం చట్టంలో దొరకలేదు. చివరికి మైస్పేస్ సర్వర్లు ఉన్న లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వ న్యాయవాదులు కేసు నడిపారు, అది కూడా వెబ్‌సైటు షరతులను ఉల్లంఘించిందని, కంప్యూటర్ మోసాల చట్టం కింద. 2008 నవంబరులో జ్యూరీ చిన్న నేరాల కింద దోషి అని చెప్పింది. 2009లో న్యాయమూర్తి దాన్నీ కొట్టేశారు. షరతులు పాటించని ప్రతి మనిషినీ నేరస్థుణ్ణి చేస్తే ఇక బయట మిగిలేది ఎవరన్నది ఆయన ఆందోళన. చట్టంగా ఆలోచిస్తే ఆయన మాటలో న్యాయం ఉంది. నేను కూడా ఏ షరతులూ చదవకుండానే "ఒప్పుకుంటున్నాను" నొక్కుతాను.

నేను ఈ కేసు గురించి చదివిన ప్రతిసారీ ఆగేది తీర్పు దగ్గర కాదు, ఆ అబ్బాయి దగ్గర. అతనికి ఒళ్లు లేదు. పుట్టలేదు, చావడు. పిలవకుండా ఇంట్లోకి వచ్చాడు, గోడలు దాటుకుని పిల్ల గదిలోకి వెళ్లాడు, చెవిలో మాట్లాడాడు, పని అయ్యాక మాయమయ్యాడు. మన పల్లెల్లో దీన్ని ఏమంటారు? ఈ మొత్తం కథలో దెయ్యం ఎవరైనా ఉంటే అతనే. దెయ్యం బాధితురాలి తరఫున లేదు, వేధించేవారి తరఫున ఉంది. ఇన్ని నవలలు రాసినవారు దెయ్యాన్ని తిరగేసి పట్టుకున్నారని నాకు అక్కడ అనిపించింది.

మనకు ఈ దెయ్యం కొత్త కాదు. దానికి పేరు కూడా పెట్టుకున్నాం: ఆకాశరామన్న. సంతకం లేని ఉత్తరం రాసేవాడికి ఎంత అందమైన పేరు. ఎక్కడ ఉంటాడో తెలియదు, ఆకాశంలోంచి రాలినట్టు ఉత్తరం మాత్రం వస్తుంది. పెళ్లి కుదిరిన ఇంటికి వస్తుంది, పదోన్నతి రాబోతున్న ఉద్యోగి పైఅధికారికి వస్తుంది, హాస్టలులో ఉన్న ఆడపిల్ల తండ్రికి వస్తుంది.

ఆ చివరిది నేను కళ్లారా చూశాను. 1995లో ఇంటర్మీడియట్ హాస్టలులో నాతో ఒకే గదిలో ఉన్న అమ్మాయి తండ్రికి ఒక ఇన్‌లాండ్ కవరు వెళ్లింది. మీ అమ్మాయి ఫలానావాడితో సినిమాకు వెళ్లింది, మీ పరువు మీ చేతుల్లో ఉంది, ఇట్లు మీ శ్రేయోభిలాషి. ఆయన మర్నాటి బస్సుకు వచ్చేశాడు. వార్డెన్ మా గది వాళ్లను అందరినీ వరసగా నిలబెట్టి ఆ కవరు చూపించింది. "ఈ దస్తూరి ఎవరిదో తెలుసా?" అని అడిగింది. 'ళ' అక్షరానికి తోకను లోపలికి చుట్టి, దాని కింద ఒక చుక్క పెట్టే అలవాటు మా అంతస్తులో ఒక్కరికే ఉంది. ఆమె రికార్డు పుస్తకం నేను కాపీ చేసుకున్నదాన్ని. నా వంతు వచ్చింది. తెలియదండీ అన్నాను. నా తర్వాతి అమ్మాయి కూడా అదే మాట అంది, ఆ తర్వాతి అమ్మాయి కూడా. ఆ సాయంత్రం తండ్రి ట్రంకు పెట్టె మోసుకుని ముందు నడుస్తుంటే ఆమె వెనకాల నడుస్తూ వెళ్లిపోయింది. పరీక్షలకు తిరిగి రాలేదు.

రాసినది ఒకరు. నిజమే. కానీ ఆ చదువు ఆగిపోవడానికి ఆ ఒక్కరి సిరా సరిపోయేది కాదు. నమ్మిన తండ్రి కావాలి, పరువు ముఖ్యమనుకున్న వార్డెన్ కావాలి, తెలియదండీ అన్న మేం కావాలి.

ఆకాశరామన్న తర్వాత ఫోనుల్లోకి వచ్చాడు. 2017 వేసవి దాటాక సరాహా అనే యాప్ మన పిల్లల మధ్య ఎలా వ్యాపించిందో గుర్తుందా? అరబీలో ఆ మాటకు నిష్కపటం, దాపరికం లేకపోవడం అని అర్థం. పేరు దాచుకుని ఎవరికైనా ఏమైనా రాయవచ్చు. దానికి పెట్టిన పేరు దాపరికం లేకపోవడం! మరుసటి ఏడాదే, వేధింపుల ఫిర్యాదులు వెల్లువెత్తాక, ఆపిల్, గూగుల్ దాన్ని తమ దుకాణాల నుంచి తీసేశాయి. పోయింది సరాహానే, ఆకాశరామన్న పోలేదు. ఇప్పుడు ప్రతి బడికీ, కాలేజీకీ ఇన్‌స్టాగ్రామ్‌లో "కన్ఫెషన్స్" పేజీలు కనిపిస్తాయి. నడిపేది ఎవరో తెలియదు, చదివేది అందరూ. జపాన్‌లో ఇలాంటివాటిని బడి వెనక సైట్లు అనేవారు. 2008లో అక్కడి విద్యాశాఖ లెక్కపెడితే ముప్పై ఎనిమిది వేలకు పైగా తేలాయి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుందని తెలుసు. నిజజీవితంలో ఇంత ఉండగా మళ్లీ దెయ్యాలెందుకు? వాస్తవికంగా రాయవచ్చు కదా? మన తెలుగునాట ఈ మాటకు బరువు ఎక్కువ. చేతబడి చేసిందని అనుమానించి ఒంటరి ముసలమ్మ పళ్లు రాలగొట్టిన ఊళ్లున్న చోట, బాణామతి పేరు చెప్పి మనుషుల్ని చంపిన చోట, పిల్లలకు దెయ్యాల నవలలు రాయడం బాధ్యత లేని పని అని మా హేతువాద మిత్రుడొకరు నాతో గట్టిగానే వాదించారు. 1980ల్లో వారపత్రికల నిండా సాగిన క్షుద్ర సీరియళ్లను కూడా గుర్తుచేశారు.

ఆయన చెప్పిన ప్రమాదం నిజం. అయితే చేతబడి పుకారులో నన్ను భయపెట్టేది మంత్రం మీద నమ్మకం ఒక్కటే కాదు. ఒక పేరు పుడుతుంది, ఎక్కడ పుట్టిందో తెలియదు, నోటి నుంచి నోటికి పోతుంది, సాయంత్రానికి ఊరు కర్రలు పట్టుకుని ఒక గుడిసె ముందు నిలబడుతుంది. 2018 మేలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో సందేశాలు వస్తే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకుల మీద దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అందులో దెయ్యం లేదు, మంత్రం లేదు. గుంపు మాత్రం అదే. అప్పట్లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల చేత, కళాకారుల చేత ఊరూరా పాటలు పాడించి ఆ పుకారును ఆపే ప్రయత్నం చేశారు. నోటిమాటగా వచ్చినదాన్ని పాటతో ఎదుర్కోవడం అనే ఆ ఆలోచన నాకు ఇప్పటికీ ఇష్టం. కథ చేసిన గాయాన్ని కరపత్రం మాన్పలేదని ఆవిడకు తెలుసు.

వాస్తవిక నవలతో వచ్చే చిక్కు అదే. ఈ విషయం మీద వాస్తవికంగా రాయబోతే మూడో అధ్యాయానికి అది కరపత్రం అయిపోతుంది. సెక్షన్లు వస్తాయి. మన సమాచార సాంకేతిక చట్టంలో ఆన్‌లైను వేధింపు అంటే ఇది అని నిర్వచించే సెక్షను లేదు. ఒకరిలా నటించి మోసగిస్తే 66డి, ఆంతరంగిక చిత్రాలకు 66ఇ, పిల్లల చిత్రాలైతే 67బి, వెంటపడితే 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 78, ఇలా ముక్కలు ఏరుకోవాలి. ఆన్‌లైనులో నొప్పించేలా ఏం రాసినా శిక్షించేంత విస్తృతంగా ఉండిన 66ఎను 2015 మార్చిలో సుప్రీంకోర్టులో జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్‌ల ధర్మాసనం కొట్టేసింది. అది పిల్లలను కాపాడటం కంటే నాయకులను విమర్శించినవారిని అరెస్టు చేయడానికే ఎక్కువ పనికొచ్చింది కాబట్టి, కొట్టేయడం సబబే. ఇదంతా పిల్లలు తెలుసుకోవాలి, కాదనను. పిల్లల సహాయానికి 1098, మనసు బాగోలేనప్పుడు 14416, ఈ రెండు నంబర్లు మా అక్క కూతురి ఫోనులో నేనే ఎక్కించాను. కానీ ఆమె రాత్రి రెండింటి దాకా మేలుకుని చదివేది ఇవి కాదు. ఆమెకు దెయ్యం కావాలి. నాకూ కావాలి. ఒకరి ముఖాన్ని చెరిపేశాక ఆ ముఖం ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్నను ఏ సెక్షనూ అడగదు.

పెద్దవాళ్లం ఏం చేస్తున్నాం అంటారా? నా చిన్నప్పుడు మా వీధిలో తలుపుల మీద బొగ్గుతోనో సుద్దతోనో "ఓ స్త్రీ రేపు రా" అని రాసి ఉండేది. రాత్రిళ్లు ఒక దెయ్యం వచ్చి తెలిసిన గొంతుతో పిలుస్తుందనీ, తలుపు తీస్తే అంతేననీ, ఆ రాత చూస్తే మాత్రం సరేలే రేపు వద్దామని వెనక్కి పోతుందనీ చెప్పుకునేవారు. మర్నాడు వచ్చినా రాత అదే కదా. దెయ్యానికి అక్షరజ్ఞానం ఉండి, వారాల జ్ఞానం లేకపోవడం అప్పట్లో మాకు వింతగా తోచలేదు. దాన్ని పొమ్మనే ధైర్యం ఆ వీధిలో ఎవరికీ లేదు, రేపు రమ్మన్నారు. మా అక్క కూతురి తరగతిలో ఒక అమ్మాయి తల్లిదండ్రులు ఇలాంటి ఫిర్యాదుతో వెళ్తే, పరీక్షలు దగ్గరపడ్డాయి, అయ్యాక చూద్దాం అన్నారట. బడి పేరు ఇక్కడ అనవసరం. ఏ బడి తలుపు చూసినా ఆ రాతే ఉంటుంది. జపాన్ 2013లో ప్రత్యేకంగా చట్టం చేసి, ఆన్‌లైను వేధింపునూ అందులో చేర్చి, తీవ్రమైన ఘటన జరిగితే విచారణ చేయించడాన్ని తప్పనిసరి చేసింది. చట్టం రాగానే అక్కడ అంతా బాగుపడిందని ఎవరూ అనరు. అయినా, రేపు రా అనడం నేరుగా కుదరకుండా పోయింది.

సరే, పోలీసు దెయ్యం వద్దంటే మరి ఎలాంటి దెయ్యం కావాలి? నా జవాబు చెట్టుకు వేలాడుతోంది. చాలా కాలంగా.

బేతాళుణ్ణి తెలుగు పిల్లలకు పరిచయం చేయనక్కరలేదు అని ఎవరైనా అంటే ఒకప్పుడైతే నేనూ నమ్మేదాన్ని. మా అక్క కూతురికి తెలియదు. చందమామ ఆగిపోయేనాటికి ఆమె ఇంకా చదివే వయసుకు రాలేదు. భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ పుర్రెలు, చందమామ చిత్రకారుడు శంకర్ గారు గీసిన ఆ బొమ్మను ఫోనులో వెతికి చూపించి, కథ చెప్పాను. పట్టువదలని విక్రమార్కుడు చెట్టు మీంచి శవాన్ని దించి, మౌనంగా శ్మశానం వైపు నడుస్తాడు. శవంలోని బేతాళుడు కథ చెప్పి, చివర ఒక ప్రశ్న అడుగుతాడు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే నీ తల వేయి చెక్కలవుతుంది అంటాడు. చెబితే మౌనం భంగమవుతుంది, శవం మళ్లీ చెట్టెక్కుతుంది.

"చెప్పినా నష్టమే, చెప్పకపోయినా నష్టమేనా? ఇదేం ఆట?" అంది.

ఆ ఆట నాకు హాస్టలు వరండాలో తెలుసు అని ఆమెకు చెప్పలేదు. కానీ ఆ ప్రశ్నతోనే నాకు తల తిరిగినట్టయింది. చిన్నప్పుడు వందసార్లు చదివిన షరతును నేను ఎప్పుడూ సరిగా చదవలేదు. బేతాళుడు తప్పు చేసినవాణ్ణి శిక్షించడు. తెలియనివాణ్ణీ ఏమీ అనడు. సోమదేవుడు పదకొండో శతాబ్దంలో కశ్మీరులో కూర్చిన కథాసరిత్సాగరంలో బేతాళుడు చెప్పే కథలు ఇరవై నాలుగు. చివరి కథలో అడిగిన వావివరసల చిక్కుకు రాజుకు నిజంగానే జవాబు తోచదు, మాట్లాడకుండా నడుస్తాడు. అతని తలకు ఏమీ కాదు. బేతాళుడు సంతోషిస్తాడు. శిక్ష ఉన్నది ఒక్క మౌనానికే, తెలిసీ పాటించే మౌనానికి.

నలభై మంది ఉన్న తరగతిలో ఫొటో పెట్టినవాడు ఒకడు, పంచినవాళ్లు నలుగురైదుగురు, మిగతా ముప్పై మందికి పైగా తెలిసీ మౌనంగా ఉన్నవాళ్లే. ఏ చట్టమూ వాళ్ల జోలికి పోదు, పోకూడదు కూడా. అపరాధ పరిశోధకుడు వాళ్లను సాక్షులుగా వాడుకుని వదిలేస్తాడు. ప్రతీకార దెయ్యానికి వాళ్లు మెట్ల మీంచి తోయడానికి పనికొస్తారు. వాళ్లతో మాట్లాడగలిగినవాడు బేతాళుడు ఒక్కడే. అదీ ఉపన్యాసంతో కాదు, కథ చెప్పి, చిక్కుముడి ఇచ్చి.

ఇంకొకటి ఉంది. జవాబు చెప్పగానే శవం చెట్టెక్కడం. చిన్నప్పుడు అది విసుగ్గా ఉండేది. కథ సాగదీయడానికి వేసిన ఎత్తు అనుకునేదాన్ని. ఇప్పుడు అదే అన్నిటికంటే నిజమనిపిస్తోంది. ఒకసారి నోరు తెరిచి నిజం చెప్పినంత మాత్రాన పని అయిపోదు. ఫొటో తీసేస్తారు, మర్నాడు ఇంకెవరి ఫోనులోంచో స్క్రీన్‌షాట్ లేస్తుంది. మళ్లీ నడవాలి, మళ్లీ దించాలి, మళ్లీ భుజాన వేసుకోవాలి. మన నవలల్లో దోషి దొరకగానే కురిసే వాన ఈ కథలో లేదు. కథాసరిత్సాగరంలో ఈ ప్రయాణం ఎలా ముగుస్తుందో కూడా గుర్తుచేసుకోవాలి: శవాన్ని తెమ్మన్న భిక్షువు నిన్నే బలి ఇవ్వబోతున్నాడు, జాగ్రత్త అని రాజును హెచ్చరించి ప్రాణం కాపాడేది ఆ బేతాళుడే. భుజాన మోసినంతసేపూ బరువుగా ఉన్నదే చివరికి మోసినవాణ్ణి కాపాడింది. చంపే దెయ్యం కంటే నాకు ఈ దెయ్యం ఎక్కువ భయం కలిగిస్తుంది. దీనికి నా గురించి తెలుసు.

ఇంత వాదించాక ఊరుకోలేక, నేనే ఒకటి మొదలుపెట్టాను. ఆర్నెల్లు పట్టింది నూట పది పేజీలకు. ఒక తరగతి, నలభై ఒక్క మంది ఉన్న వాట్సాప్ గ్రూపు, అందులో ఇంకా ఎవరూ తొలగించని ఒక నంబరు. తొలగించాలంటే ఎవరో ఒకరు ముందు ఆ పేరు మీద వేలు పెట్టాలి కదా. ఆ నంబరు నుంచి రాత్రికి ఒకరికి విడిగా ఒక ప్రశ్న వస్తుంది. బెదిరింపు ఉండదు. "ఆ ఫొటో నీకు చేరినప్పుడు సమయం ఎంత?" "నవ్వే బొమ్మ పెట్టావు కదా, అప్పుడు నిజంగా నవ్వు వచ్చిందా?" ఇలాంటివి. నిజం చెప్పినవారి దగ్గర్నుంచి ప్రశ్న వెళ్లిపోయి ఇంకొకరిని చేరుతుంది. తెలిసీ చెప్పనివారి తలలు పగలవు. వాళ్ల తెర పైభాగాన "టైప్ చేస్తున్నారు" అన్న మాట మాత్రం ఇక ఆగదు. పరీక్ష రాస్తున్నా, పడుకున్నా, ఫోను మార్చినా, అవతల ఎవరో ఏదో రాస్తూనే ఉంటారు.

పోయిన నెల ఆ పిల్లకు చదవడానికి ఇచ్చాను. రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు ఎర్ర కలంతో గీతలు పెట్టి తెచ్చింది. తరగతి గ్రూపులో ఎవరూ ఏమీ పెట్టరు పిన్నీ, అందులో టీచర్లుంటారు; వేరే గ్రూపు ఉంటుంది, దానికి వేరే పేరు ఉంటుంది అని మొదటిది. ఇప్పుడు ఎవరూ ఆ పసుపు నవ్వు బొమ్మ పెట్టరు, అది పెద్దవాళ్లు పెట్టేది, మేం పుర్రె పెడతాం అని రెండోది. పుర్రె! శంకర్ గారి శ్మశానం నుంచి ఎంతో దూరం రాలేదన్నమాట. ఇవన్నీ రాసుకున్నాను.

ఆఖరి పేజీ అంచున ఒకే ఒక ప్రశ్న రాసి ఉంది. ఆ నంబరు ఇంకా ఎలా పనిచేస్తోంది?

"దెయ్యం కదే" అన్నాను.

"దెయ్యమైనా సిమ్ముకు డబ్బు కట్టాలి కదా. మూడు నెలలు వాడకపోతే నంబరు తీసేస్తారు. తర్వాత ఇంకెవరికో ఇచ్చేస్తారు. నాలుగు నెలలు తెరవకపోతే వాట్సాప్ ఖాతా కూడా పోతుంది. నీ కథలో అప్పటికి పది నెలలయింది. ఆ ఫోనుకు చార్జింగ్ ఎవరు పెడుతున్నారు? రీచార్జి ఎవరు చేయిస్తున్నారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆమె తన గదిలోకి వెళ్లిపోయింది. నేను ప్రతి కాగితాన్నీ తిరగేస్తూ కూర్చున్నాను. ఇరవై ఎనిమిది రోజులకొకసారి వీధి చివరి దుకాణానికి వెళ్లి, ఆ నంబరు చెప్పి, డబ్బు కట్టి, ఇంటికి వచ్చి ఆ ఫోనును మళ్లీ ప్లగ్గుకు పెట్టే మనిషి ఒకరు ఆ ఇంట్లో ఉండాలి. నలభై ఒక్క మందికి పేర్లు పెట్టాను, ఇంటిపేర్లు పెట్టాను, కొందరికి సైకిళ్ల రంగులు కూడా రాశాను. నూట పది పేజీల్లో ఆ తల్లి ఎక్కడా లేదు.